పళ్లు మొలిచే వేళ, ధ్యాస నిలవని వయసులో బిడ్డకు చనుబాలు పట్టడం: తల్లులకు సమగ్ర మార్గదర్శి

అనంతపురంలో మేము అద్దెకున్న ఇల్లు వీధికి ఆనుకొని ఉండేది. ఉదయం తొమ్మిది గంటలకు ఎర్రగడ్డల బండి మైకు వినిపించగానే, ఏడో నెలలో ఉన్న మా పాప నోట్లోని చనుమొనను వదలకుండానే తలను కిటికీ వైపు తిప్పేది. బండి సందు దాటిపోయాక మళ్లీ రొమ్ముకు తిరిగి, రెండు గుటకలు మింగి, ఈసారి గోడ మీది బల్లిని వెతికేది. ఆ నెలలోనే కింది చిగురు మీద రెండు తెల్లని మొనలు కనిపించాయి. వారం తిరగకముందే మొదటి కాటూ పడింది. నా కేక విని వచ్చిన పక్కింటి అవ్వ, "పండ్లొచ్చినాక ఇంకేం పాలు లేమ్మా, మాన్పిచ్చేయ్" అని తేల్చి చెప్పింది.

ఆమె ప్రేమతోనే చెప్పింది కానీ, ఆ సలహా సరైనది కాదు. మొదటి 6 నెలలు చనుబాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు 2 ఏళ్ల వరకు, వీలైతే ఆపైన కూడా పాలివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతున్నాయి. తొలి పన్ను కనబడే ఆరేడు నెలలకు ఆ గడువులో పావు వంతు, లేదా అంతకు కొంచెం ఎక్కువ మాత్రమే గడిచి ఉంటుంది. కొరకడాన్ని గానీ, తాగుతూ తాగుతూ దిక్కులు చూడడాన్ని గానీ పాలు మానుకోవడానికి గుర్తుగా తీసుకోకూడదు. రెండింటికీ ఒక వేళ, ఒక సందర్భం ఉంటాయి. వాటిని తల్లి ముందుగా కనిపెట్టగలిగితే ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఎలా కనిపెట్టాలో, కనిపెట్టాక ఏం చేయాలో కింద ఒక్కొక్కటిగా వివరిస్తున్నాను.

ముందుగా కారణం తేల్చుకోవాలి

బిడ్డ రొమ్ము వదిలేసిన ప్రతిసారీ కారణం ఒకటే కాదు. నాలుగో నెల నుంచి చూపు, వినికిడి పదునెక్కి, దూరాన ఉన్న వస్తువులు, కొత్త ముఖాలు, గిన్నెల చప్పుడు అన్నీ బిడ్డకు వింతగా తోస్తాయి. ఈ కారణంగా పాలు వదిలే బిడ్డ ఏడవదు, తల తిప్పి చూస్తుంది, నవ్వుతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. చిగుళ్ల నొప్పితో వదిలే బిడ్డ అలా ఉండదు. ఆకలితో ఆత్రంగా పట్టుకుంటుంది, నాలుగైదు సార్లు చప్పరించగానే వాచిన చిగురు సలపడంతో ఏడుస్తూ వెనక్కి జరుగుతుంది, పిడికిలి నోట్లో కుక్కుకుంటుంది, చొంగ ధారగా కారుతుంది. సాధారణంగా కింది ముందు పళ్లు రెండూ 6 నుంచి 10 నెలల మధ్య, పై ముందు పళ్లు 8 నుంచి 12 నెలల మధ్య వస్తాయి. కొందరికి నాలుగో నెలలోనే మొలుస్తాయి, మరికొందరికి ఏడాది నిండినా రావు.

మూడో కారణం అనారోగ్యం. ముక్కు దిబ్బడ వేసిన బిడ్డ తాగుతూ ఊపిరి అందక వదిలేస్తుంది. చెవి నొప్పి ఉన్న బిడ్డ పడుకోబెట్టి పాలిచ్చినప్పుడు మరింత ఏడుస్తుంది. నోట్లో తుడిచినా పోని తెల్లని మచ్చలుంటే అది బూజు జాతి క్రిమి వల్ల వచ్చే పూత కావచ్చు, దానికి మందు వాడాలి.

ఈ మూడింటినీ వేరుచేయడానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష ఒకటుంది. బిడ్డ నిద్రలోకి జారుకుంటున్నప్పుడో, నిద్రలేచి ఇంకా కళ్లు సరిగా తెరవకముందో, వెలుతురు తగ్గించిన గదిలో పాలివ్వండి. అక్కడ నిండుగా తాగితే పగటి పేచీకి పరిసరాలే కారణం. మగతలో కూడా తాగడం మొదలుపెట్టి, ఏడ్చి వదిలేస్తే చిగుళ్లను, ముక్కును, చెవులను అనుమానించాలి. మగతలో సైతం ముఖం తిప్పుకుంటే, ఆపైన నలతగా ఉంటే, డాక్టరుకు చూపించాలి.

ఇక్కడ ఒక పాత నమ్మకం గురించి చెప్పక తప్పదు. మన ఇళ్లలో పళ్లు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలేనంటారు. పళ్లు మొలవడం వల్ల ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు గానీ, 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటిన జ్వరానికి పన్ను కారణం కాదు. విరేచనాలకూ కాదు. ఈ వయసులో బిడ్డ నేల మీద పాకుతూ దొరికినదల్లా నోట్లో పెట్టుకోవడం, కొత్తగా తినే ఆహారం, నీరు శుభ్రంగా లేకపోవడం వంటివి అసలు కారణాలు. "పంటి విరేచనాలే" అనుకొని ఊరుకుంటే ఒంట్లో నీరు ఇంకిపోతుంది. ఓఆర్‌ఎస్ ద్రావణం, 6 నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు చొప్పున 14 రోజులు, వీటితో పాటు మామూలు కంటే ఎక్కువసార్లు చనుబాలు ఇవ్వాలి. ఓఆర్‌ఎస్, జింకు మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతాయి.

పాలు చాలుతున్నాయో లేదో లెక్క చూసుకోవాలి

నెల బిడ్డగా ఉన్నప్పుడు అరగంట తాగిన పాప, ఇప్పుడు ఏడెనిమిది నిమిషాలకే వదిలేస్తే తల్లికి బెంగ కలగడం సహజం. అయితే ఈ వయసు బిడ్డ నోటికి నేర్పు, దవడకు బలం వచ్చి ఉంటాయి. 5 నుంచి 10 నిమిషాల్లో రొమ్మును ఖాళీ చేయగల పిల్లలు చాలామంది. గడియారం కంటే తడిసిన గుడ్డలను లెక్కపెట్టడం మేలు. రోజు మొత్తం మీద ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు మూత్రం పోస్తూ, అది లేత రంగులో ఉంటే పాలు అందుతున్నట్టే. నెలకొకసారి అంగన్‌వాడీలో తూకం వేయించి తల్లీబిడ్డల రక్షణ కార్డులోని గీత మీద గుర్తు పెట్టించుకోండి. ఆరు నెలల తర్వాత బరువు పెరిగే వేగం సహజంగానే తగ్గుతుంది, గీత కిందికి దిగనంత వరకు కంగారు పడనక్కరలేదు.

పళ్లున్న నోరు పాలు ఎలా తాగుతుంది

ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం భయం పోతుంది. బిడ్డ సరిగా పాలు తాగుతున్నప్పుడు నాలుక కింది చిగురును, దాని మీది పళ్లను దాటి ముందుకు వచ్చి, రొమ్ము కింద దోసిలిలా పరుచుకొని ఉంటుంది. చనుమొన నోటి లోపల చాలా వెనక, మెత్తని అంగిలి దాకా వెళ్లి ఉంటుంది. మీ బొటనవేలిని నోట్లో పెట్టుకొని, నాలుకను కింది పళ్ల మీదుగా చాపి చప్పరిస్తూ, అదే సమయంలో వేలిని కొరకడానికి ప్రయత్నించి చూడండి. ముందు మీ నాలుకే నలుగుతుంది. అంటే గుటకలు వేస్తూ పాలు తాగే బిడ్డ అదే క్షణంలో కొరకలేదు. కొరకాలంటే చప్పరించడం ఆపాలి, నాలుకను వెనక్కి లాక్కోవాలి.

కాటు ఎక్కువగా మూడు సమయాల్లో పడుతుంది. కడుపు నిండి ఆటకు దిగినప్పుడు, తాగుతూ నిద్రపోయి దవడ బిగుసుకున్నప్పుడు, మొదట్లో పాలు చేపడం ఆలస్యమై బిడ్డకు చిరాకు పుట్టినప్పుడు. మూడోది తరచుగా జరుగుతుంటే, బిడ్డను రొమ్ముకు పెట్టకముందే గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసి, చేత్తో మెల్లగా నిమిరి, పాలు చేపు రానిచ్చి అప్పుడు అందించండి.

పట్టును మళ్లీ సరిచేసుకోవాలి

పుట్టిన కొత్తలో నేర్చుకున్న పద్ధతి ఆరేడు నెలలకు అలవాటుగా మారి, కాస్త నిర్లక్ష్యం చోటుచేసుకుంటుంది. ఒళ్లో అడ్డంగా పడుకొని, తల ఒక వైపు, పొట్ట మరో వైపు ఉన్న బిడ్డ చనుమొన కొసను మాత్రమే పట్టుకుంటుంది. పళ్లు లేనంత కాలం ఇది చెల్లింది, ఇక చెల్లదు. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనేలా పూర్తిగా మీ వైపు తిప్పుకోండి. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. చనుమొనను బిడ్డ పై పెదవికి, ముక్కు కిందికి తాకించి, ఆవలించినంతగా నోరు తెరిచేదాకా ఆగండి. తెరిచాక, రొమ్మును బిడ్డ నోటికి వంచకుండా, బిడ్డనే రొమ్ముకు దగ్గరగా తెచ్చుకోండి. గడ్డం రొమ్ములోకి ఒత్తుకొని, ముక్కు విడిగా ఉండి, కింది పెదవి బయటకు విచ్చుకొని, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం పైన ఎక్కువ, కింద తక్కువ కనబడితే పట్టు సరిగా ఉన్నట్టు.

పై పళ్లు వచ్చిన కొత్తలో, పట్టు సరిగానే ఉన్నా, పాలిచ్చాక ఆ నల్లని భాగం మీద చిన్న పళ్ల అచ్చులు పడవచ్చు. నొప్పి, గాయం లేకపోతే వాటిని పట్టించుకోనక్కరలేదు. అచ్చులున్న చోట మంటగా ఉంటే బిడ్డ తలను కొంచెం వెనక్కి వాల్చి, గడ్డం మరింత లోపలికి ఆనేలా సర్దితే పై పళ్ల ఒత్తిడి తగ్గుతుంది.

కొరకబోయే క్షణాన్ని పట్టుకోవాలి

పాలిస్తూ ఫోను చూసే అలవాటు ఉంటే, ఈ రెండు మూడు వారాలు దాన్ని పక్కన పెట్టండి. నేను పెట్టలేదు, అందుకే మొదటి రెండు కాట్లూ తిన్నాను. బిడ్డ ముఖాన్ని, ముఖ్యంగా చెవి ముందు దవడ కీలు కదిలే చోటును గమనిస్తూ ఉండండి. పాలు బాగా పారుతున్నప్పుడు అక్కడ కదలిక నిదానంగా, లోతుగా ఉంటుంది. ఒకటి రెండు చప్పరింపులకు ఒక గుటక వినబడుతుంది. పాలు తగ్గేకొద్దీ గుటకలు దూరమవుతాయి, దవడ పైపైన వణికినట్టు కదులుతుంది. తర్వాత కదలిక పూర్తిగా ఆగుతుంది. పట్టు సడలి, చనుమొన నోటి ముందుకు జారుతున్నట్టు మీకే తెలుస్తుంది. కొందరు పిల్లలు ఈ క్షణంలో కళ్లెత్తి తల్లి ముఖంలోకి చూస్తారు. మా పాప ముక్కు కొస చిట్లించేది. ఆ చిట్లింపుకూ కాటుకూ మధ్య రెండు క్షణాలు ఉండేవి, అంతకు మించి లేవు.

ఆ రెండు క్షణాల్లో చేయవలసింది ఒకటే. శుభ్రమైన చిటికెన వేలిని బిడ్డ పెదవుల మూల నుంచి పై, కింది చిగుళ్ల మధ్యకు జొనిపి, పట్టు విడిపించి, చనుమొనను బయటకు తీసుకోవాలి. పళ్ల మధ్య వేలు ఉన్నంతసేపు కాటు పడినా వేలి మీదే పడుతుంది. బిడ్డ నిజంగా ఇంకా ఆకలిగా ఉంటే మళ్లీ నోరు తెరుస్తుంది, మళ్లీ ఇవ్వండి. లేకపోతే ఆ పూటకు చాలు. "ఇంకో గుక్క" అని బలవంతంగా పట్టి ఉంచడమే చాలా కాట్లకు కారణమని నా అనుభవం.

కొరికినప్పుడు ఏం చేయాలి

ఎంత జాగ్రత్తపడినా ఒకటో రెండో తప్పవు. అప్పుడు సహజంగా చేయబోయే రెండు పనులూ నష్టమే చేస్తాయి. మొదటిది, బిడ్డను విసురుగా వెనక్కి లాగడం. పళ్లు బిగిసి ఉండగా లాగితే చర్మం చీరుకుపోతుంది. దానికి బదులు బిడ్డను ఇంకా దగ్గరకు, రొమ్ములోకి క్షణకాలం హత్తుకోండి. గాలి కోసం బిడ్డ నోరు తెరుస్తుంది, వెంటనే వదిలించుకోవచ్చు. ముక్కు మూయడం, చెంప మీద కొట్టడం ఎప్పుడూ చేయకూడదు.

రెండోది, కేక వేయడం. ఆపుకోవడం కష్టమే. కానీ గట్టి కేకకు బెదిరిన బిడ్డ రొమ్మునే భయపడి కొన్ని రోజులు దగ్గరకు రాకపోవచ్చు. మరికొందరు పిల్లలకు అది ఆటలా తోచి, మళ్లీ ఆ కేక వినాలని కొరుకుతారు. ముఖం మామూలుగా ఉంచి, తగ్గు స్వరంతో "కొరకకూడదు" అని చెప్పి, పాలు ఆపి, ఒకటి రెండు నిమిషాలు కింద కూర్చోబెట్టండి. కొరికేందుకు పళ్ల బొమ్మను చేతికివ్వండి. కొరికితే పాలు ఆగుతాయన్న సంగతి ఎనిమిది నెలల బిడ్డకు కొన్ని రోజుల్లోనే అర్థమవుతుంది. అలాగే కొరకకుండా చక్కగా తాగి వదిలిన పూట ముద్దు పెట్టి మెచ్చుకోవడం మరచిపోవద్దు.

గాయమైతే మంచినీటితో కడిగి, నాలుగు చుక్కల చనుబాలు పిండి రాసి, గాలికి ఆరనివ్వండి. పసుపు, పౌడరు, కొబ్బరినూనెలో కలిపిన మందులు గాయం మీద వద్దు, బిడ్డ నోట్లోకి పోయేవే అవన్నీ. తర్వాతి పూట నొప్పి లేని వైపు నుంచి మొదలుపెడితే ఆత్రం కాస్త తగ్గాక రెండో వైపు వస్తుంది. బిడ్డను చంక కింద పెట్టుకొని గానీ, పక్కన పడుకోబెట్టుకొని గానీ ఇస్తే పళ్లు వేరే చోట ఆనుతాయి. అసలు తట్టుకోలేకపోతే ఒకటి రెండు రోజులు ఆ వైపు పాలు చేత్తో పిండి, ఉగ్గుగిన్నెతో పట్టండి. పిండకుండా వదిలేస్తే గడ్డకట్టి, గాయం మీద మరో బాధ చేరుతుంది.

చిగుళ్లకు ఉపశమనం: పాలకు ముందే

నొప్పి తగ్గాక పాలిస్తే కాట్లు తగ్గుతాయి కాబట్టి ఈ పనులు పాలివ్వడానికి పది నిమిషాల ముందే చేయాలి. చేతులు కడుక్కొని, వేలితో చిగురును మెల్లగా రుద్దండి. ఉతికిన మెత్తని నూలుగుడ్డను తడిపి, ఫ్రిజ్‌లో కింది అరలో చల్లబరచి నమలనివ్వండి. గట్టిగా గడ్డకట్టిన వస్తువు చిగురుకు హాని చేస్తుంది, ఫ్రీజర్ వద్దు. పచ్చి క్యారెట్ ముక్క, గట్టి బిస్కెట్ వంటివి విరిగి గొంతుకు అడ్డుపడతాయి. మెడలో దండలా వేసే పళ్ల పూసలు మరింత ప్రమాదకరం.

చిగుళ్ల జెల్ విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక మందుల షాపులో అడిగితే నోటిపూతకు వాడే జెల్ ఇచ్చి, చిన్నపిల్లలకూ రాయవచ్చన్నారు. రాశాను. చిగురుతో పాటు నాలుకా మొద్దుబారి, తర్వాతి పూట పాపకు రొమ్ము పట్టు దొరకలేదు. పాలు పెదవుల మూలల నుంచి కారిపోయాయి. తర్వాత చదివి తెలుసుకున్నాను. బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు ఉన్న జెల్ రక్తం ఆక్సిజన్‌ను మోసుకుపోయే శక్తిని దెబ్బతీయగలదని, 2 ఏళ్లలోపు పిల్లల చిగుళ్లకు వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అలాంటిదే అయిన లిడోకైన్ గురించి అంతకుముందే, 2014లో హెచ్చరించింది. కోలిన్ సాలిసిలేట్ ఉన్నవి ఆస్పిరిన్ జాతికి చెందినవి, పసిపిల్లలకు తగవు. నొప్పి మరీ ఎక్కువై రాత్రి నిద్ర పట్టకపోతే డాక్టరు బరువును బట్టి చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇవ్వవచ్చు. అదే మందు చుక్కల రూపంలో చాలా గాఢంగా, సిరప్ రూపంలో పలచగా ఉంటుంది కనుక ఒకదాని కొలతతో మరొకటి పోయకండి. తేనె ఏడాది లోపు బిడ్డకు నాకించకూడదు, అందులో ఉండగల సూక్ష్మజీవి వల్ల బొట్యులిజం అనే ప్రాణాపాయ వ్యాధి రావచ్చు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడమూ మానుకోవలసిందే.

ధ్యాస చెదిరే బిడ్డకు చోటు, వేళ

మన ప్రాంతపు పాత ఇళ్లలో నడిమింటికి కిటికీలు తక్కువ, మధ్యాహ్నం కూడా చీకటిగా, చల్లగా ఉంటుంది. పాలివ్వడానికి అంతకంటే మంచి చోటు లేదు. కొత్త ఇళ్లలో అయితే వీధి వైపు లేని గది చూసుకొని, తెర వేసి, టీవీ ఆపండి. ఫ్యాను ఒకే తీరుగా చేసే చప్పుడు మేలే చేస్తుంది, బయటి మైకులను, కుక్కర్ విజిల్‌ను కొంత మరుగుపరుస్తుంది. రోజూ అదే చోట, అదే దిండు మీద కూర్చుంటే ఆ చోటు చూడగానే పాలని బిడ్డకు తెలుస్తుంది. పెద్దబిడ్డ ఉంటే అసలు సమస్య అక్కడే. నాలుగేళ్ల అన్న గుమ్మంలో గంతులేస్తుంటే ఏ చెల్లెలు తాగుతుంది? ఆ పది నిమిషాలూ పెద్దవాణ్ని జేజి దగ్గరికి పంపడమో, మీ వెనక కూర్చోబెట్టి బొమ్మలు ఇవ్వడమో చేయండి.

వేళను కూడా మార్చుకోవాలి. బిడ్డ గుక్కపెట్టి ఏడ్చేదాకా ఆగితే ఆకలి కోపంగా మారి, కోపం కాటుగా మారుతుంది. నిద్ర లేచిన మొదటి ఐదు నిమిషాలు, నిద్రకు ముందు పది నిమిషాలు బంగారంలాంటివి. పగటి లోటును చాలామంది పిల్లలు రాత్రిపూట తీర్చుకుంటారు. "ఏడో నెలలో మళ్లీ రాత్రుళ్లు లేస్తోంది, పాలు చాలడం లేదేమో" అనుకునే తల్లులు ముందు పగలు ఎన్నిసార్లు నిండుగా తాగిందో చూసుకోవాలి. పగలు ప్రశాంతమైన చోట మూడు నాలుగు పూటలు బాగా పడితే రాత్రి మేల్కొనడం చాలా పిల్లల్లో తగ్గుతుంది.

చేతులకు పని ఉంటే కళ్లు తిరగడం తగ్గుతుంది. తాళిబొట్టుతోనో నల్లపూసలతోనో ఆడుకుంటూ తాగడం మన పిల్లలకు అలవాటే. కానీ ఆ గొలుసుకు మనం తగిలించుకునే పిన్నీసులను ముందుగా తీసేయండి. గట్టిగా లాగితే పిన్నీసు తెరుచుకొని చేతికో కంటికో గుచ్చుకుంటుంది. గొలుసుకు బదులు మెత్తని గుడ్డముక్కను ముడివేసి చేతికివ్వవచ్చు. కూర్చుంటే తాగని బిడ్డ నిలబడి నెమ్మదిగా నడుస్తూ ఇస్తే తాగవచ్చు, పాత నూలుచీరతో నడుముకు కట్టుకుంటే చేతులకు భారం తగ్గుతుంది.

నోట్లో చనుమొనతోనే తల తిప్పే బిడ్డ విషయంలో, తల తిరగడం మొదలవగానే చిటికెన వేలితో విడిపించండి. చూడవలసింది చూడనివ్వండి, మళ్లీ అందించండి. ఇలా మూడుసార్లు జరిగాక ఆ పూట ముగించి, గంట తర్వాత మళ్లీ కూర్చోండి. నాలుగోసారి, ఐదోసారి వెంటపడి తాగించబోతే పాలివ్వడం ఇద్దరికీ పోరాటమవుతుంది.

ఎండకాలంలో

ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమలో 40 డిగ్రీలు దాటినప్పుడు చర్మానికి చర్మం ఆనడమే బిడ్డకు చిరాకు. మీ మోచేతి మీద తడి పిండిన నూలుగుడ్డ పరిచి, దాని మీద బిడ్డ తల పెట్టండి. పొద్దున్నే, చల్లబడ్డాక ఎక్కువసేపు, మధ్యాహ్నం తక్కువసేపు ఎక్కువసార్లు ఇవ్వండి. ఆరు నెలలలోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా నీళ్లు పట్టనక్కరలేదు, చనుబాలలో ఉన్న నీరే చాలు. ఆరు నెలల తర్వాత తిండితో పాటు కాచి చల్లార్చిన నీరు కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. తల్లి దప్పిక వేసినప్పుడల్లా నీళ్లు, మజ్జిగ, అంబలి తాగాలి.

తిండి, ఉద్యోగం మొదలయ్యాక

ఈ నెలల్లోనే ఉగ్గు, రాగిజావ, పప్పన్నం మొదలవుతాయి. 6 నుంచి 8 నెలల మధ్య రోజుకు రెండు మూడుసార్లు, 9 నెలల నుంచి మూడు నాలుగుసార్లు తినిపించాలి. తిండి కడుపు నిండా పెట్టి ఆ వెంటనే రొమ్ము ఇస్తే ఆకలి లేని బిడ్డ ఆడుతుంది, కొరుకుతుంది. ఏడాది లోపు ముందు పాలు, గంట తర్వాత తిండి అన్న వరుస నాకు బాగా పనికొచ్చింది. తినిపించాక నోట్లో తిండి మిగిలి ఉండకుండా చూడాలి. తొలి పన్ను రాగానే మెత్తని బ్రష్ మీద బియ్యపు గింజంత పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి, అలాంటి నీరు తాగే ఇళ్లవాళ్లు పేస్టు గురించి ముందుగా పళ్ల డాక్టరును అడగడం మంచిది.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. చాలామంది ఉద్యోగినుల సెలవు సరిగ్గా పళ్లు మొలిచే వేళకే ముగుస్తుందన్నమాట. బిడ్డకు 15 నెలలు నిండేదాకా మామూలు విరామాలకు అదనంగా రోజుకు రెండు పాల విరామాలు తల్లికి హక్కు. ఆ సమయంలో ఇంటికి రాలేకపోతే పాలు పిండి నిల్వ చేయండి. గది వేడి 25 డిగ్రీల లోపు ఉంటే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తాయన్న లెక్కలో మొదటిది మన ఎండలకు వర్తించదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లోనో, ఐసు వేసిన ఫ్లాస్కులోనో పెట్టాలి. కుండ చల్లదనం దీనికి చాలదు. ఆ పాలను సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతోనో చిన్న గ్లాసుతోనో పట్టించండి. సీసా పీకను నమిలే అలవాటు పడిన బిడ్డ రొమ్మునూ నములుతుంది.

డాక్టరుకు చూపించవలసిన సందర్భాలు

ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, మాడు లోపలికి గుంటపడడం, నోరు ఎండిపోవడం, బిడ్డ మగతగా పడి ఉండడం, 38 డిగ్రీలు దాటిన జ్వరం, చెవి నుంచి చీము. వీటిలో ఏది కనిపించినా పళ్ల మీద నెపం వేసి ఆగకండి. తల్లికి రొమ్ములో ఒక వైపు ఎర్రగా, గట్టిగా, వేడిగా ఉండి, చలితో జ్వరం వచ్చి, ఒక రోజులో తగ్గకపోతే వెళ్లాలి. చికిత్స జరుగుతున్నా ఆ వైపు పాలివ్వడం మానకూడదు, మానితే చీముగడ్డ ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది.

బిడ్డ ఒక్కసారిగా రొమ్ము నిరాకరిస్తే

ఏడాది లోపు బిడ్డ తనంతట తాను ఒక్కరోజులో పాలు మానుకోవడం అరుదు. నిన్నటిదాకా తాగిన బిడ్డ ఇవాళ రొమ్ము చూడగానే వెనక్కి విరుచుకుంటే అది అలక అనుకోవాలి. చిగుళ్ల నొప్పి, ముక్కు దిబ్బడ, తల్లి కొత్త సబ్బు వాసన, ఊరెళ్లి రావడం, తల్లి వేసిన కేక, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, దాని వల్ల నష్టం లేదు. వేపాకు ముద్ద పూయనివ్వడం, ఆకలికి మాడ్చడం, తల పట్టి రొమ్ముకు అదమడం మాత్రం వద్దు.

ఈ రోజుల్లో బిడ్డ తాగే వేళలకే పాలు పిండి, ఉగ్గుగిన్నెతో పట్టండి. పాలు తగ్గకుండా ఉండేది దానివల్లే. పగలు రవికె లేకుండా బిడ్డను ఎదకు ఆనించుకొని పడుకోండి, కానీ అందించకండి. స్నానం చేయించేటప్పుడు, ఊయలలో నుంచి తీసేటప్పుడు, గాఢనిద్ర నుంచి మగతలోకి వచ్చేటప్పుడు అందించి చూడండి. తిరస్కరిస్తే ఒక్క మాట అనకుండా పక్కకు తీసేయండి.

మా పాప నా మొదటి కేక తర్వాత మూడు రోజులు ముట్టలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున, బండి మైకులు, కోళ్లు ఇంకా లేవకముందు, నిద్రలో పెదవులు కదిపింది. దగ్గరకు తీసుకుంటే కళ్లు తెరవకుండానే పట్టుకుంది. పగటిపూట తాగడానికి మరో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పిండడం ఒక్కసారిగా ఆపకుండా, పాప తాగిన పూటకు ఒక్కో పిండడం తగ్గిస్తూ వచ్చాను.